గేటు దగ్గర చెప్పని మాట

తోట గేటు పక్కనున్న రేకుల గుడిసెలో దీనమ్మ పని ఏమిటంటే, బయటికి వెళ్ళే ప్రతి ఆడమనిషి ఒంటినీ తడిమి చూడటం.

దొరల మీద తిరగబడి అడవిలో తుపాకులు పట్టుకున్నవాళ్ళకి గింజ కూడా చేరకూడదని సర్కారు పెట్టిన కట్టడి అది. మలయాలో సుంగై సిపుట్ చుట్టుపక్కల రబ్బరు తోటలన్నిటికీ ముళ్ళకంచె పడింది. ఇళ్ళలో వండని బియ్యం ఉంచుకోకూడదు. అందరి బియ్యమూ ఉమ్మడి వంటశాలకి పోతుంది. అక్కడ వండి, మనిషికింతని గిన్నెల్లో పెట్టి ఇస్తారు. వండిన అన్నం సాయంత్రానికి పాచిపోతుంది గనక అడవికి మోసినా ఉపయోగం ఉండదని వాళ్ళ ఆలోచన. రబ్బరు చెట్లు గీసేందుకు పోయేవాళ్ళు మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పట్టుకెళ్ళకూడదు. ఎవరి దగ్గరైనా బియ్యం దొరికితే జైలు. మగవాళ్ళని గేటు బయట మారియప్పన్ అనే తమిళ పోలీసు వెతికేవాడు. ఆడవాళ్ళని గుడిసెలో దీనమ్మ ఒకరోజు, పట్నం నుంచి వచ్చే చీనా ఆవిడ ఒకరోజు.

ఈ పని తనకి ఎందుకిచ్చారో దీనమ్మకి తెలుసు. తోట గుమాస్తా నలుగురి ముందూ చెప్పాడు, "కిరస్తానీ వేదంలో కలిసిన మనిషి, అబద్ధం ఆడదు" అని. ఆ మాట విన్నాక ఆమె నాలుగు రోజులు తల కాస్త ఎత్తుకునే తిరిగింది. కలుపు పీకే పనిలో ఉన్నన్నాళ్ళూ ఆమెని ఎవరూ అంత మంచి మాట అనలేదు. అయినా ఒకరి ఒళ్ళు తడమడం నీచపు పనిలా తోచి, నెలకోసారి ఈపో నుంచి వచ్చి ప్రార్థన పెట్టే ఉపదేశి అయ్యగారిని అడిగింది. ఏ పనైనా పైనున్న ప్రభువుకి చేస్తున్నట్టే చేస్తే అది ఆరాధనే అవుతుందమ్మా, పాకీ పనైనా సరే, గేటు పనైనా సరే అన్నాడాయన. దీనమ్మ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. తెల్లవారగట్ల గుడిసెలో అడుగుపెట్టగానే కళ్ళు మూసుకుని, ప్రభువా ఈ పూట నీ పని సరిగా చేయనియ్యి అనుకునేది. ఎవరినీ వదిలేది కాదు. కొప్పులు విప్పించేది, బకెట్ల అడుగులు తట్టి చూసేది.

"ఏటొదినా, మొన్నే ఎతికినావు గదా! రెండు రేత్రుల్లో నాకేటి మొలిసీసిందనుకున్నావు?" అనేది ఒకావిడ చేతులు బార చాపి.

"మొలిస్తే నీ మొగుడికి సెప్పు, నాకెందుకు" అనేది దీనమ్మ. వరసంతా నవ్వేది.

"త్వరగా లా, అక్కా! కంగాణి మేస్త్రీ తిడతాడు" అని వెనకనుంచి తమిళ వళ్ళియమ్మై, మాట చివర మలాయి వాళ్ళ లా తగిలించి, కేక పెట్టేది. అలా నవ్వులతోనే సాగిపోయేది ఆ పని.

ఆగస్టు నెల. నెలాఖరుకి మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తుందని, దొరల జెండా దిగి మన జెండా ఎక్కుతుందని తోటంతా చెప్పుకుంటున్నారు. గుమాస్తా ఆఫీసులో అప్పుడే రంగు కాగితాలు కత్తిరిస్తున్నారు. అలాంటి ఒక ఉదయం, పనివాళ్ళంతా చెట్లలోకి వెళ్ళిపోయాక, అచ్చమ్మ గుడిసెలోకి వచ్చింది.

అచ్చమ్మ కూలీల ఇళ్ళ లైనులో రెండిళ్ళ అవతల ఉండే వెంకమ్మ కూతురు. పట్నంలో సైకిళ్ళ కొట్లో పనిచేసే పైడిరాజుకిచ్చి పెళ్ళి చేశారు. ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి, వారం రోజులుండి, మళ్ళీ అత్తింటికి బయలుదేరింది. కాళ్ళకి పసుపు, తలలో పువ్వులు, రెండు చేతులా మట్టిగాజులు. నడుస్తుంటే గాజులు గలగలమన్నాయి. గేటు బయట లారీ కాసుకుని ఉంది. దాని వెనకాల ఒక పోలీసు జీపు కూడా ఉంది, ఎవరో పై అధికారి తనిఖీకి వచ్చాడు.

దీనమ్మ చేతులు అచ్చమ్మ భుజాల మీదినుంచి దిగి, నిండు పొట్ట పక్కల్నించి జారి, నడుం దగ్గర ఒక ముడికి తగిలాయి. విప్పింది. పసుపు కలిపిన బియ్యం, గుప్పెడు. అందులో ఒక ఎండుకొబ్బరి ముక్క, వక్కలు, పసుపుకొమ్ము.

అచ్చమ్మ నవ్వింది. "అమ్మ కట్టింది, అత్తా" అంది. దాచుకున్నది బయటపడ్డవాళ్ళు నవ్వే నవ్వు కాదది. ఇంట్లో మనిషికి చూపించుకునే నవ్వు.

దీనమ్మ ఆ నవ్వుని చూసింది, పొట్టని చూసింది. చూసి, తలుపు వైపు తిరిగి "మారియప్పా!" అని పిలిచింది.

మారియప్పన్ తొంగి చూశాడు. "ఎన్నక్కా?"

"బియ్యం."

అతను దగ్గరికి వచ్చి ఆ ముడి వైపు చూశాడు. అచ్చమ్మ వైపు చూశాడు. గొంతు తగ్గించి, "మంజళ్, పసుపు పూసి ఉందేక్కా! ఇది ఏదో సాంగ్యంలా ఉంది. ఇదేంటి, నువ్వు చెప్పు" అన్నాడు. ఒక కన్ను జీపు మీదే ఉంది.

"బియ్యం" అంది దీనమ్మ మళ్ళీ.

అంతే. జీపులోని అధికారి దిగాడు. బియ్యం ఒక కాగితంలో పొట్లం కట్టారు. అచ్చమ్మ "అత్తా, సెప్పత్తా... అత్తా!" అంటూనే ఉంది. ఆమెని జీపెక్కించి పట్నం స్టేషనుకి తీసుకుపోయారు. లారీ ఖాళీగా కదిలింది.

దీనమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో పసుపు దిగింది, సబ్బు పెట్టినా వదల్లేదు. నీ పనే చేశాను ప్రభువా అనుకోబోయింది. ఎప్పుడూ తేలిగ్గా వచ్చే మాటే అది. ఈసారి ఆ మాట పూర్తి చెయ్యకుండానే మళ్ళీ సబ్బు అందుకుంది.

సాయంత్రం వెంకమ్మ వచ్చింది. అప్పటికి లైనంతా తెలిసిపోయింది. వెంకమ్మ ఏడుస్తుందని, తిడుతుందని దీనమ్మ కాచుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. వెంకమ్మ గడప దగ్గర చతికిలబడి, నెమ్మదిగా మాట్లాడింది.

"నీ వంతు సూసి పంపినాను ఒదినా. నిన్ననే ఎలిపోతానంది పిల్ల. నిన్న ఆ సీనా ఆవిడ ఉంటాది, ఆవిడకేటి తెలుసు, రేపు మన దీనమ్మొదిన ఉంటాది అని, ఆపి మరీ పంపినాను."

దీనమ్మ తలెత్తలేదు. "బియ్యం ఎక్కడిది నీకు?"

"వంటశాల రాకముందుది. ఇళ్ళల్లో ఉన్నదంతా ఇచ్చీమన్నప్పుడు గుప్పెడు ఒగ్గీసి ఇచ్చినాను. కడుపుతో ఉన్న పిల్లని ఒట్టి ఒడితో పంపుతానేటి?"

"మా వేదంలో అలాటియి లేవు వెంకమ్మా."

"లేకపోతే? తెలీకుండా పోతాదేటి? నీ పెళ్ళికి నీ ఒడిలో బియ్యం పోసింది ఎవులు? మాయమ్మ కాదా?" వెంకమ్మ గడప మీద అరచేత్తో కొట్టింది. "నువ్వు మూడోసారి పోగొట్టుకుని మంచం మీద ఉన్నప్పుడు నీకు జావ కాసి పట్టింది ఎవులు? నేను నిన్ను ఏ వేదమని అడిగినానా?"

దీనమ్మ కొంగుతో గోళ్ళ పసుపు రుద్దుకుంది.

"ఎల్లి సెప్పు ఒదినా. నేను సెప్తే తల్లి గనక అలాగే సెప్తాదంటారు. నువ్వు సెప్తే నమ్ముతారు. నువ్వు అబద్దం ఆడవని ఆలకి నమ్మకం."

అని లేచి వెళ్ళిపోయింది. ఆ ఆఖరి మాట వెటకారంగా అన్నదో, నిజంగానే అన్నదో దీనమ్మకి తెలియలేదు.

దీనమ్మ భర్త దాసు పొగగూడులో పనిచేస్తాడు. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ అతని బట్టల్లోనే కాదు, మాటలో కూడా నిదానంగా ఉంటుందని లైనులో నవ్వుకుంటారు. అతను పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నాడు.

"నువ్వేటి అబద్దం ఆడినావా? బియ్యాన్ని బియ్యమన్నావు" అన్నాడు.

"అదే గదా."

"అదే గదా అంటే?"

"మారియప్పన్ రెండోసారి అడిగినాడయ్యా. ఇదేటో సెప్పక్కా అన్నాడు. సెప్పడానికి నాకొక్క మాట సాలు. నేను సెప్పలేదు."

దాసు కర్రతో నిప్పులు ఎగదోశాడు. "ఇప్పుడెల్లి మాట మారిస్తే ఆ పిల్లతోపాటు నిన్నూ కూకోబెడతారు. తోటలోంచి మనల్ని గెంటీస్తారు. నెలాఖరికి మెర్డెకా అంటన్నారు. ఆ రోజు అందర్నీ ఒగ్గేస్తారంట లా."

"అందాకా ఆ పిల్ల సిమెంటు నేల మీద పడుకోవాలా?"

దీనమ్మ భర్తతో కాదు, పొయ్యితో చెప్తున్నట్టు చెప్పింది.

"ప్రభువు పని సేస్తన్నాను గదా, మొహమాటం పడకూడదు అనుకున్నానని పొద్దుట్నుంచీ నాకు నేను సెప్పుకుంటన్నాను. అది కాదయ్యా. ఆ పిల్ల నవ్వింది. పొట్ట ముందుకేసుకుని, గాజులేసుకుని, నన్ను సూసి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకెవులూ కట్టని ముడి అది. ఏడో నెల దాకా నాకేదీ నిలవలేదు. ఆ మంట మీద ప్రభువు పేరు కప్పినాను."

ఇంట్లో ఆ విషయం వాళ్ళిద్దరూ మాట్లాడుకుని చాలా ఏళ్ళయింది. దాసు కర్ర పక్కన పెట్టాడు. "రేపు పొగగూడుకి రానని గుమాస్తాకి సెప్పీసి వస్తాను. నువ్వొక్కదానివీ ఎల్లకు" అన్నాడు.

దీనమ్మ ప్రార్థనకి మోకరించింది గానీ, ఏమని ప్రార్థించాలో తెలియలేదు. క్షమించమని అడగడం మరీ సులువైన పనిలా తోచింది. ఇక్కడ మోకాళ్ళ మీద క్షమాపణ దొరికేస్తే, అక్కడ కటకటాల వెనక పిల్ల అలాగే ఉంటుంది కదా. దేవుడు అలాంటి బేరం ఒప్పుకుంటాడా? ఒప్పుకోడనే ఆమెకి అనిపించింది. లేచి వెళ్ళి పడుకుంది.

మర్నాడు దీనమ్మ, దాసు, వెంకమ్మ ముగ్గురూ స్టేషనుకి వెళ్ళారు. గేటు దగ్గర చూసినవాడు గనక మారియప్పన్ కూడా రావలసి వచ్చింది. లారీ మీద వెంకమ్మ ఒక మూల, దీనమ్మ ఒక మూల.

ఇన్‌స్పెక్టరు మలాయి మనిషి, వయసులో చిన్నవాడు. అతను మలాయిలో అడగడం, మారియప్పన్ అరవమూ తెలుగూ కలిపి చెప్పడం. దీనమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"మారియప్పా, ఆ పొట్లం ఇప్పి సూడమని అయ్యగారికి సెప్పు. అది అడవికి పోయే బియ్యం కాదు. కడుపుతో ఉన్న ఆడపిల్ల పుట్టింటి నించి ఎల్లేటప్పుడు తల్లి ఒడిలో కడతాది. మా ఊళ్ళలో అందరికీ కడతారు. అది దీవెన. దాన్తో ఎవుడి కడుపూ నిండదు."

మారియప్పన్ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పొట్లం తెప్పించి విప్పాడు. పచ్చని గింజల్ని వేలితో కదిపి, "బెరాస్ కుఞిత్" అన్నాడు తనలో తను అన్నట్టు. తమ పెళ్ళిళ్ళలోనూ పసుపు బియ్యం చల్లుతారని మారియప్పన్‌తో అన్నాడు. వెంకమ్మకి ఆ మాటలు తెలియకపోయినా ఆ వేలు గింజల్ని ముట్టుకున్న తీరు తెలిసింది. వెక్కివెక్కి ఏడ్చింది.

బియ్యం ఎక్కడిదని అడిగితే దాచుకున్నదేనని వెంకమ్మే చెప్పేసింది. అతను ఆమెని గట్టిగానే కోప్పడ్డాడు. ఆ తరవాత దీనమ్మ వైపు తిరిగాడు.

"ఇది నీకు నిన్న తెలుసా, ఇవాళ తెలిసిందా అని అడుగుతున్నారక్కా" అన్నాడు మారియప్పన్. చిన్నగా, "ఇవాళ అను, అక్కా" అని కూడా అన్నాడు.

"నిన్నే తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

దాసు నేల చూపులు చూస్తున్నాడు. వెంకమ్మ ఏడుపు ఆపి తలెత్తింది. దీనమ్మ రాత్రంతా ఈ జవాబు కూర్చుకుంది. ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది. వాటిలో ఒక్కటే పైకి వచ్చింది.

"నాకు పిల్లల్లేరయ్యా."

మారియప్పన్ గోడ మీదికి చూసి, టోపీ సర్దుకుని, అప్పుడు చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కాగితాల మీద చాలాసేపు రాసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అచ్చమ్మని వదిలారు. పైడిరాజు పూచీ సంతకం పెట్టాడు. కాన్పయ్యేదాకా ఆమె వారం వారం స్టేషనుకి వచ్చి కనబడాలి. అచ్చమ్మ కాళ్ళు వాచిపోయాయి, కళ్ళు లోపలికి పోయాయి, ఒక చెయ్యి పొట్ట మీదినుంచి తియ్యడం లేదు. తల్లిని కావలించుకుంది. భర్త వెనకాలే మెట్లు దిగుతూ దీనమ్మ పక్కనుంచి వెళ్ళింది.

"బిడ్డ..." అంది దీనమ్మ.

"కదుల్తన్నాడు. నీకెందుకు?" అంది అచ్చమ్మ, ఆగకుండానే.

అందరూ కిందికి దిగాక దీనమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. గేటు పని నాకొద్దు, నన్ను తీసెయ్యండి అని చెప్పమంది మారియప్పన్‌ని. నిజం చెప్పాలంటే, తీసేస్తారనే ఆమె అనుకుంది. తీసేస్తే బాగుండునని కూడా అనుకుంది. మళ్ళీ ఎండలో కలుపు పీక్కుంటే ఈ బరువు కాస్త దిగుతుందని ఆశ.

ఇన్‌స్పెక్టరు చెప్పినదాన్ని మారియప్పన్ ఇలా చెప్పాడు: "నిన్ను తీసేస్తే ఇంకో ఊరి నుంచి ఎవరినో పంపుతారట. ఆ మనిషికి ఇలాంటివి ఏమీ తెలియవు. నీకు తెలుసు, తెలిసీ నువ్వు చెప్పలేదు. వీళ్ళిద్దర్లో ఎవరిని గేటు దగ్గర పెట్టమంటావని నిన్నే అడుగుతున్నారు."

ఇన్‌స్పెక్టరు కోపంగా అన్నాడో, నిజంగానే అడిగాడో మొహం చూస్తే దీనమ్మకి తెలియలేదు. ఆమె జవాబు చెప్పకుండానే బయటికి వచ్చింది. ఆయన కూడా మళ్ళీ అడగలేదు.

తిరుగు దారిలో లారీ అంచు పట్టుకుని కూర్చుని, ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకుంది. ఇన్నాళ్ళూ తన పని వెతకడం అనుకుంది. ఎంత గట్టిగా వెతికితే అంత బాగా దేవుడికి చేసినట్టని అనుకుంది. వెతకడం ఎవరైనా చేస్తారు, ఆ చీనా ఆవిడా చేస్తుంది. దొరికినదేమిటో చెప్పే చోట తను ఉంది. పొరుగువాళ్ళ మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని చిన్నపిల్లలకి కూడా నేర్పుతారు. తను చెప్పినది అబద్ధం కాదు. కానీ సగం దగ్గర నోరు మూసుకుంటే అది సాక్ష్యం ఎలా అవుతుంది? మరి రేపు నిజంగా అడవికి పోయే బియ్యమే దొరికితే? ఆకలితో ఉన్న కొడుకు కోసం ఏ తల్లో పట్టుకెళ్తుంటే? అప్పుడు మొత్తం నిజం చెప్పడం అంటే ఏమిటి? ఈసారి ఉపదేశి అయ్యగారు వచ్చినప్పుడు అడగాలనుకుంది. ఆయన దగ్గర కూడా దీనికి జవాబు ఉంటుందో లేదో అనుకుంది.

"రేపు ఎల్తావా?" అన్నాడు దాసు.

"ఎల్తాను."

"ఆడోళ్ళు మాటాడరు నీతోటి."

"మాటాడరు."

మర్నాడు చీకటి విడుతుండగా దీనమ్మ గుడిసె తలుపు తీసింది. వరస నిలబడి ఉంది. ఎవరూ వదినా అనలేదు, ఎవరూ మొగుడి మీద జోకు వెయ్యలేదు. బకెట్లు నేలకి తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. వళ్ళియమ్మై కూడా త్వరగా అని అరవలేదు. ఒకావిడ రవికలో ఆకులో చుట్టిన ఏదో పొడి దొరికింది. దీనమ్మ మారియప్పన్‌ని పిలవబోయి, ఆగి, "ఇదేటమ్మా?" అని అడిగింది. ఆవిడ పంటినొప్పికి లవంగం, మిరియం దంచినదని చెప్పింది. దీనమ్మ వాసన చూసింది, నాలుకకి రాసుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళి, "మారియప్పా, పంటి మందు. బియ్యం గాదు, తిండి గాదు. నేను రుసి సూసినాను" అని అందరికీ వినబడేలా చెప్పింది. మారియప్పన్ చెయ్యి ఊపాడు. ఆవిడ పొట్లం తీసుకుని, దీనమ్మ మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

తరవాత వెంకమ్మ లోపలికి వచ్చింది. బకెట్టు కింద పెట్టింది. చేతులు రెండూ పక్కలకి చాపింది.

"ఎతుకు" అంది.

"వెంకమ్మా..."

"మొన్నటి సంగతి నన్నేటీ అడక్కు. నాకేటీ అనాలని లేదు. ఇయ్యాల నన్ను సరిగ్గా ఎతుకు."

దీనమ్మ ఆమె ముందు నిలబడింది. తెల్లవారినప్పటి నుంచీ ఒక్కొక్కరి ఒంటి మీద చెయ్యి వేసేముందు ఆ మనిషి కోసం లోలోపల ఒక ముక్క ప్రార్థన చేస్తోంది. ఎవరినైనా జైలుకి పంపగలిగే పని చేస్తున్నప్పుడు, ముందు ఆ మనిషిని దేవుడి ముందు పెట్టాలని ఆమెకి తోచింది. మిగతావాళ్ళకి ఏదో ఒక మాట దొరికింది, ఈమెకి జ్వరం తగ్గించు, ఈమె మొగుడిని మందు మానిపించు అని. వెంకమ్మ దగ్గరికి వచ్చేసరికి ఏ మాటా రాలేదు. అడగడానికి తనకి మొహం లేదు. ఆమె పేరు ఒక్కటే వచ్చింది.

ఆ పేరునే లోపల పలికి, దీనమ్మ వెంకమ్మ భుజాల మీద చేతులు పెట్టింది.